నీళ్ళడిగిన పడవ

ముంబయి బండి గంట ఆలస్యంగా వస్తుందని మైకులో తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పేసరికి పలాస స్టేషన్లో బెంచీల మీద ఉన్నవాళ్ళంతా ఉసూరుమన్నారు, బేబి ఒక్కతే ఊపిరి పీల్చుకుంది. పోనీలే, ఇంకో గంట ఉంది. మరిదికి ఒక్క మాట చెప్పాలి. అక్కుపల్లిలో ఆటో ఎక్కగానే చెప్పేద్దామనుకుంది, అక్కడ వీధి వీధంతా చుట్టూ మూగి ఉంది. వజ్రపుకొత్తూరు దాటాక చెబుదామనుకుంది, పక్కన చేపల తట్టలతో కూర్చున్న ఆడవాళ్ళు చెవులు రిక్కించారు. కాశీబుగ్గలో దిగి టీ తాగుతున్నప్పుడు నాలిక చివరిదాకా వచ్చింది, పాండు గాజు గ్లాసు ఊదుకుంటూ ఏదో చెప్పి నవ్వాడు, ఆ నవ్వు అచ్చం వాళ్ళన్న నవ్వే, మాట మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఎంత మాటని. నీళ్ళడిగిన పడవని దాటిపోకు అని పొద్దున వాళ్ళమ్మ కన్నమ్మ చెప్పి పంపింది. దాటిపో అని బేబి చెప్పాలి. కన్నమ్మ మాట చెరిగిపోకుండా వీడు బండెక్కితే వీడు కూడా వాళ్ళన్న వెళ్ళిన దారినే పోతాడు, అందులో బేబికి అనుమానమేమీ లేదు, మొగుణ్ణి పోగొట్టుకున్నదానికి ఇంకా అనుమానమేమిటి.

పాండు బ్యాగు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. కొత్త చొక్కా, కొత్తగా కత్తిరించుకున్న జుట్టు, మెడ వెనక కత్తెర పడిన చోట చర్మం లేతగా కనిపిస్తోంది. ఎడారి దేశంలో షేకుగారి చేపల పడవ మీద పని. బేబి మొగుడు హరిబాబు వెళ్ళింది కూడా అక్కడికే, ఆ దేశమే, ఆ రేవే, పడవ ఒక్కటే వేరు. అన్నని మింగిన నీళ్ళ మీదికే తమ్ముణ్ణి పంపిస్తున్నారని ఊళ్ళో ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వేలేసుకోవడానికేం, వేలూ వాళ్ళదే, ముక్కూ వాళ్ళదే. ఇక్కడి సముద్రంలో ఏముంది కనక, వల వేస్తే చేపకంటే ముందు ప్లాస్టిక్ సంచులు వస్తున్నాయి. మావ అప్పలస్వామికి కిడ్నీలు పోయాయి, ఉద్దానంలో ఏ వీధికి వెళ్ళినా ఎవరో ఒకరికి పోయినట్టే ఆయనకీ పోయాయి. కూతురు ఇందు ఇప్పుడిప్పుడే బడికి వెళ్తోంది. బేబి నెత్తిన తట్ట పెట్టుకుని కాశీబుగ్గ సందులన్నీ తిరిగినా అది ఒక పూటకే, ఇంకో పూటకి పాండు వెళ్ళక ఎవరు వెళ్తారు. వెళ్ళొద్దని ఆమె ఒక్కసారి కూడా అనలేదు, అనే పరిస్థితి ఇంట్లో లేదు. అందుకే ఆ ఒక్క మాటైనా చెప్పాలి, ప్రాణంతో తిరిగొచ్చే మాట.

పొద్దున గడప దగ్గర జరిగింది కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. దూరపు సముద్రానికి వెళ్ళే మగవాడికి వాళ్ళింట్లో చేసే పని అది. ఇంట్లో పెద్దామె కొత్త కుండలో నీళ్ళు తెచ్చి గడప మీద నిలబడుతుంది, వెళ్ళేవాడు కింద నిలబడి దోసిలి పడతాడు, మొదటి దోసెడు వాడు తాగుతాడు, రెండో దోసెడు తాగకూడదు, అక్కడున్నవాళ్ళలో ఎవరికో ఒకరికి తాగించాలి, అప్పుడు పెద్దామె ఆ మాట చెబుతుంది. పాండు రెండో దోసెడు ఇందుకి పట్టాడు, పిల్ల సగం తాగి సగం గౌను మీద ఒలకబోసుకుని కిలకిలా నవ్వింది. కన్నమ్మ గొంతు వణకలేదు, కన్ను తడవలేదు. "సముద్రం మీద నీల్లడిగిన పడవని దాటిపోకు నాయినా" అంది. అదే గడప, అదే మాట. హరిబాబుకి చెప్పినప్పుడు బేబి ఇందుని చంకనేసుకుని పక్కనే నిలబడి ఉంది, ఆ మాట అప్పుడు ఎంత గొప్పగా వినిపించిందో, ఇలాంటి ఇంటికి కోడలినయ్యానని మురిసిపోయింది కూడా. అప్పుడు మురిసిపోయినందుకు ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ మాట వాళ్ళింటి ఒక్కదానిదే కాదు, ఆ ఒడ్డు మొత్తానిది. ఇంజను చెడిపోయి, గాలికి కొట్టుకుపోయి, తాగడానికి చుక్క లేకుండా మిగిలిన పడవవాళ్ళు ఖాళీ డబ్బాని తలకిందులుగా పైకెత్తి పట్టుకుంటారు. పూర్వం కుండ ఎత్తేవారట, ఇప్పుడు నూనె డబ్బా. అది చూసినవాడు ఎవడైనా ఆగాలి. వల నిండా చేప ఉన్నా ఆగాలి, పొద్దు వాలిపోతున్నా ఆగాలి, ఎత్తినవాడు పగవాడైనా ఆగాలి. ఒకసారి పక్క ఊరివాళ్ళు హరిబాబు వల కోసేశారు, కొట్టుకునేదాకా వచ్చింది, పెద్దమనుషుల దాకా వెళ్ళింది, నెల తిరక్కుండా ఆ మనుషులే సముద్రం మధ్యలో డబ్బా ఎత్తారు. హరిబాబు ఆగాడు, నీళ్ళిచ్చాడు, తాడు కట్టి ఒడ్డుదాకా లాక్కొచ్చాడు, లాక్కొచ్చి ఇసకలో దిగాక, ఇప్పుడు రండి, కోసిన వల సంగతి తేలుద్దాం అని లుంగీ ఎగ్గట్టాడట. ఇంటికొచ్చి చెప్పి పడీపడీ నవ్వాడు. నవ్వితే పన్ను మీద పన్ను కనిపించేది. ఎదురు లైను మీద గూడ్సు బండి ఒకటి పోతోంది, బొగ్గు పెట్టె వెనక బొగ్గు పెట్టె, ఎంతకీ తరగడం లేదు, నేల అదురుతోంది, పాండు చెవిలో వేలు పెట్టుకుని ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. జీడిపిక్కలు కాల్చిన వాసన గాలితో పాటు వస్తోంది, ఈ ఊరి గాలికి ఎప్పుడూ ఆ వాసనే, ముక్కులో ఘాటుగా, కళ్ళు మండేటట్టు.

అక్కడ ఆ నీళ్ళ మీద కూడా అలాగే ఆగాడు. అవతలి ఒడ్డు దేశంలో వాళ్ళలో వాళ్ళకే యుద్ధం, పని లేని కుర్రాళ్ళు తుపాకులు పట్టుకుని పడవలేసుకుని దోపిడీకి దిగుతున్నారు, ఇదంతా అతనికి తెలియక కాదు, ఫోనులో తనే చెప్పాడు, ఏ పడవనీ దగ్గరికి రానివ్వొద్దని పనిలో పెట్టుకున్నవాళ్ళు మరీ మరీ చెప్పారని కూడా చెప్పాడు. తెలిసే ఆగాడు. ఎందుకంటే వాళ్ళు డబ్బా ఎత్తారు. ఆ గుర్తు ఆ దేశంలో ఉందో లేదో, వాళ్ళు ఊరికే ఎత్తారో, తలకిందులుగా పట్టుకోవడం వాళ్ళకి తెలిసి చేసిన పనో కాదో దేవుడికే తెలియాలి, హరిబాబు కంటికి మాత్రం అక్కుపల్లి రేవు కనిపించి ఉంటుంది. పడవ నడిపేది అతనే. పక్కనున్న నారాయణ, ఊరివాడే, వద్దు బావా అన్నాడట. మిగతా ఇద్దరూ బంగ్లాదేశ్ వాళ్ళు, వాళ్ళు కూడా అరిచారట. ఎవరి మాటా వినకుండా ఇంజను నెమ్మది చేసి, నీళ్ళ క్యాను ఎత్తి పట్టుకుని పడవ అంచుకి వచ్చాడట. తుపాకీ పట్టుకున్నవాడికి నీళ్ళ క్యాను అందించబోయిన మొగుడు ఈ లోకంలో ఆమెకొక్కదానికే దొరికాడు. పడవ తీసుకున్నారు, ఫోన్లు తీసుకున్నారు, డీజిలు తీసుకున్నారు, ఆ నీళ్ళు కూడా తీసుకున్నారు. నలుగుర్నీ తమ చిన్న పడవలోకి దింపి, దాని ఇంజను విప్పేసుకుని వెళ్ళిపోయారు.

ఊళ్ళోవాళ్ళకి అతను ధర్మాత్ముడు. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు, పెళ్ళి ఫోటోలోంచి అతని మొహం ఒక్కటీ కోసి, చుట్టూ పువ్వులు పెట్టి, దాహం తీర్చబోయి ప్రాణమిచ్చిన ఉద్దానం బిడ్డ అని రాయించారు. కట్టించినవాళ్ళ ఫోటోలు అతని ఫోటోకంటే పెద్దవి. వానలకి వెలిసిపోయి ఒక పక్క ఊడి వేలాడుతుంటే బేబి తనే వెళ్ళి విప్పుకొచ్చి కోళ్ళగూటి మీద కప్పింది, దానికైనా అక్కరకొచ్చింది. ఇంటికొచ్చిన ప్రతివాడూ అరుగు మీద కూర్చుని, ఎంత మంచోడమ్మా అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. మంచోడట. ఆ మంచితనం ఎవరు తిన్నారు, ఎవరు తాగారు. వెర్రి మనిషి, లోకం తెలియని మనిషి. పెళ్ళాం ఉందని, మాటలు కూడా సరిగ్గా రాని పిల్ల ఉందని, మంచాన పడ్డ తండ్రి ఉన్నాడని ఆ ఒక్క క్షణం గుర్తు రాలేదా, ముక్కూమొహం తెలియని ఎవడి దాహమో గుర్తొచ్చిందా. అతను ఎక్కడైనా ఎదురైతే ముందు ఏడవదు, నిలబెట్టి ఇదే అడుగుతుంది. అడిగితే ఏమంటాడో కూడా ఆమెకి తెలుసు, డబ్బా ఎత్తేరు కదే అంటాడు, అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడడు.

పాండు ప్రయాణం ఖాయమయ్యాక టెక్కలిలో ఒక హాల్లో విదేశాలకి వెళ్ళే కుర్రాళ్ళకి జాగ్రత్తలు చెబుతున్నారంటే బేబి వాణ్ణి లాక్కెళ్ళింది. సామ్యేలు అని ఓడల మీద పనిచేసి వచ్చిన పెద్దమనిషి, ఆదివారాలు వాళ్ళ చర్చిలో పాటలు పాడిస్తాడట, గొంతు మెత్తన. పాస్‌పోర్టు నకలు ఒంటి మీద ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచుకోండి, జనం గుమిగూడి అరుస్తున్న చోట వింత చూస్తూ నిలబడకండి, ఫోనులో బొమ్మలు తీయకండి, ఎవరో పొట్లం ఇచ్చి మీ ఊళ్ళో ఫలానావాళ్ళకి ఇవ్వమంటే ముట్టుకోకండి, కాల్పులు వినిపిస్తే కిటికీ దగ్గరికి పోకండి, నేల మీద పడుకోండి, మన ఎంబసీ నంబరు ఫోనులోనే కాదు, కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి అని ఒకటొకటే చెప్పుకొచ్చాడు. కుర్రాళ్ళు కొందరు రాసుకున్నారు, పాండు మాత్రం కిటికీలోంచి హైవే మీద బస్సుల్ని చూస్తూ కూర్చున్నాడు. ఆఖరున పడవ పనికి వెళ్ళేవాళ్ళకి విడిగా చెప్పాడు, ఏ పడవ దగ్గరికి వచ్చినా ఆపకూడదు, వేగం పెంచి పోవాలి, చేతులెత్తి దండం పెట్టినా, ఆడవాళ్ళు కనిపించినా, పిల్లలు కనిపించినా. బేబి వెనక కుర్చీలోంచి లేచి నిలబడింది. అంతమంది మగవాళ్ళ మధ్య ఆమెకి ఆ గొంతు ఎక్కడ నుంచి వచ్చిందో, మరి నిజంగా దాహమైనోళ్ళయితేనో సారూ అని అడిగింది. ఆమె ఎవరి పెళ్ళామో ఆయనకి తెలుసు. "నిజవైనోడెవుడో దొంగెవుడో దూరం నించి తెలీదమ్మా. తెలిసేటంత దగ్గరకెల్తే, ఇంక తెలిసి లాభం లేదు" అన్నాడు. ఆ మాటలో తప్పెక్కడుందా అని బస్సులో ఊరిదాకా వెతుక్కుంటూనే వచ్చింది, దొరకలేదు.

ప్లాట్‌ఫారం చివర కుళాయి ఎవరో కట్టకుండా వదిలేశారు, నీళ్ళు ధార కట్టి పట్టాల మీదికి పోతున్నాయి. మావ చూస్తే ప్రాణం కొట్టుకుపోతుంది ఆయనకి. కిడ్నీలు లేనివాడు నీళ్ళు కొలుచుకుని తాగాలి, ఎక్కువ తాగితే అది బయటికి పోదు, ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరాడనివ్వదు. ఈ పలాసకే ఆటోలో తీసుకొచ్చి రక్తం కడిగిస్తారు, డాక్టరు ప్రతిసారీ బేబికే చెబుతాడు, కన్నమ్మ చేత కాదని ఆయనకి ఎప్పుడో తెలిసిపోయింది. మొగుడు దాహమంటే కన్నమ్మ చెంబు అందించేస్తుంది. ఒకసారి అలా అందిస్తే ఆయన కళ్ళు తేలేశాడు, పాండు భుజాన వేసుకుని ఆటోదాకా పరుగెత్తాడు. అప్పటి నుంచి కుండ బేబి గదిలోకి మారింది. ఆయన అడుగుతాడు, ఇవ్వదు. అమ్మా తల్లీ అంటాడు, ఇవ్వదు. అనరాని మాటలంటాడు, మొగుణ్ణి మింగినదానా అని కూడా అన్నాడు ఒకసారి, అప్పుడూ ఇవ్వలేదు. తడిగుడ్డతో పెదాలు తుడిచి పక్కకి వచ్చేస్తుంది. అది దయో కాఠిన్యమో చూసుకోవడం ఆమె మానేసి చాలా కాలమైంది, మనిషి బతికున్నాడా లేదా, అదొక్కటే చూస్తోంది. ఆ ఇంట్లో నీళ్ళు లేవు పో అని చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. అలాంటిదానికి పాండుతో ఆ మాట చెప్పడం కష్టం కాకూడదు.

కష్టమవుతోందంటే నారాయణ వల్ల. ప్రాణాలతో వచ్చిన కొత్తలో అరుగు మీద అందరి ముందు నారాయణ సగమే చెప్పాడు, పడవ ఆపడం దాకా, దొంగలు వెళ్ళిపోవడం దాకా. మిగతా సగం చాలా రోజుల తర్వాత, రేవులో పడవల కోసం తట్ట పట్టుకుని ఎదురుచూస్తుంటే, పక్కకి పిలిచి ఇసకలో కూర్చోబెట్టి చెప్పాడు. ఆ ఇంజను లేని పడవలో నలుగురూ కొట్టుకుపోతున్న రోజుల్లో ఓడలు కనిపించాయట. ఒకటి కాదు, చాలా. కనిపించిన ప్రతిసారీ హరిబాబు లేచి నిలబడి డబ్బా తలకిందులుగా ఎత్తేవాడట. దొంగలు ఎత్తిన డబ్బాయే అది, పడవలోనే వదిలేసి పోయారు. దూరంగా పోయిన ఓడలు సరే, చూడలేదేమో అనుకోవచ్చు. ఒకటి బాగా దగ్గరగా వచ్చింది, పైన మనుషుల మొహాలు కనిపించేటంత దగ్గరగా. ఎర్ర టోపీ పెట్టుకున్నవాడొకడు వంగి కిందికి చూశాడు. వాణ్ణి చూసి హరిబాబు నవ్వాడట, ఆగినార్రా అన్నాడట. అప్పుడు ఓడ అంచు మీద నుంచి లావుపాటి గొట్టాలతో నీళ్ళు కొట్టారు. దొంగలు పైకి ఎక్కకుండా అలా కొడతారట, అది కూడా ఒక జాగ్రత్తేనట. నీళ్ళడిగినవాళ్ళ మీద నీళ్ళు కొట్టారు, అది కూడా ఉప్పునీళ్ళు. పడవ ఒరిగిపోయింది, హరిబాబు చేతిలో డబ్బా ఎగిరిపోయింది, ఆ తర్వాత అతను లేచి నిలబడలేదు, ఓడ కనిపించిందన్నా తల తిప్పలేదు. దాహంతో అతను పోయాక ఎండకి ఉంచుకోలేక సముద్రానికే ఇచ్చేశారు. ఇచ్చేసిన సాయంత్రమే ఒక పడవ ఆగింది. ఓడ కాదు, చేపల పడవ, ఏ దేశపువాళ్ళో, భాష కూడా తెలియదు, ఆగకూడదని వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్ళు ఆగబట్టి నారాయణ ఇసకలో ఆమె ముందు కూర్చుని ఏడవగలిగాడు.

ఆ రోజు నుంచి బేబి ఆ ఓడవాళ్ళని తిడుతూనే ఉంది. చేపలు తోముతూ తిట్టింది, తట్ట నెత్తినెట్టుకుని ఎండలో నడుస్తూ తిట్టింది, పిల్లకి జడ వేస్తూ పళ్ళ మధ్య తిట్టింది. ఆ గొట్టం పట్టుకున్నవాణ్ణి, వాణ్ణి కన్నదాన్ని, వాడికి వండి పెట్టేదాన్ని. పోయేటప్పుడు వాడి నోట్లో చుక్క పోసే దిక్కు ఉండకూడదని శాపనార్థాలు పెట్టింది. తుపాకీ పట్టుకున్నవాళ్ళ మీద కూడా ఆమెకి అంత కోపం రాలేదు, దొంగ దొంగ పని చేశాడు, పోనీ. ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్న మనుషులు, జీతానికి పనిచేసే మనుషులు, వాళ్ళకేం వచ్చింది. ఆగితే హరిబాబు గతి, ఆగకపోతే మరో హరిబాబు గతి, ఇంత సముద్రంలో మూడో దారి ఒకటి లేకపోయింది.

పొద్దున గడప దగ్గర పని అయ్యి పాండు ఇరుగుపొరుగుకి చెప్పి రావడానికి వెళ్ళాక కన్నమ్మని పెరట్లోకి పిలిచి అడిగేసింది, ఒక కొడుకుని పోగొట్టుకుని కూడా ఆ మాట ఎందుకన్నావత్తా అని. అరిచినట్టే అడిగింది. కన్నమ్మ చేతిలో కొత్త కుండ ఇంకా అలాగే ఉంది. ముసలిది కుండ కింద పెట్టింది, చెంగుతో మొహం తుడుచుకుంది, తడబడకుండా చెప్పింది. "నా కొడుక్కి సుక్క నీల్లియ్యకుండా దాటిపోయినోల్లని నువ్వూ తిట్టినావు, నానూ తిట్టినాను. ఇప్పుడీడికి దాటిపొమ్మని సెప్తే, ఆ తిట్లు ఎవులికి తగుల్తాయే?" బేబి పెరట్లోంచి లోపలికి వచ్చేసింది. ఇప్పుడు, ఇక్కడ, ఈ బెంచీ మీద వస్తున్నాయి జవాబులు, వరసగా, ఆలస్యంగా. ముసలిదానికేం, ధర్మం మిగిలితే చాలు. బేబికి మనిషి మిగలాలి. మావ పోతాడు, ఇవాళో రేపో అందరికీ తెలిసిన సంగతే. ఆ తర్వాత వీడు కూడా తిరిగి రాకపోతే ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు, ఒక కోళ్ళగూడు. ధర్మాత్ముల ఇల్లని అందరూ దండం పెట్టి పోతారు.

పాండు ఫోను జేబులో పెట్టి లేచాడు. తెల్ల పంచె ముసలాయన ఒకడు టికెట్టు చేత్తో పట్టుకుని తన పెట్టె ఎక్కడాగుతుందో అందర్నీ అడుగుతున్నాడు, అందరూ అటు అని చెయ్యి చూపిస్తున్నారు, పాండు మాత్రం ఆయన సంచీ అందుకుని ఆ చివరిదాకా నడిపించుకెళ్ళాడు. చూశావా, ఆగాడు. తుఫాను వచ్చి తోటలన్నీ పడిపోయినప్పుడు నీళ్ళ ప్యాకెట్ల కోసం లారీ చుట్టూ జనం కుమ్ముకుంటుంటే వీడు తెచ్చినవన్నీ ఎదురింటి బాలింతకి ఇచ్చేసి వట్టి చేతులతో ఇంటికొచ్చాడు, అప్పుడు వీడికి మీసం కూడా రాలేదు. ఒక తల్లి బిడ్డలు, ఒక కుండ నీళ్ళు తాగిన నోళ్ళు. డబ్బా కనిపిస్తే ఆగుతాడు. వద్దంటే ఎదురు చెబుతాడు, అన్న చేసింది తప్పా ఒదినా అని అడుగుతాడు, అప్పుడు తను ఏం చెప్పాలి. తప్పే అని చెప్పాలి. తప్పే, మీ అన్న తప్పు చేశాడు, నన్నూ పిల్లనీ ఎవడో దొంగ కోసం వదిలేశాడు అని చెప్పాలి. ఆ వాక్యం కూడబలుక్కుంటుంటే ఆమెకి కళ్ళు మసకలు కమ్మాయి, పైట కొంగుతో ఒత్తుకుంది, జీడిపొగ అనుకున్నారు పక్కవాళ్ళు.

సిగ్నలు పడింది. సామాన్లు ఎత్తుకుంటూ జనం అంచుకి జరిగారు, టీ అమ్మేవాడు పరుగెత్తాడు, పాండు తిరిగొచ్చి బ్యాగు భుజాన వేసుకున్నాడు. ఇంక లేదు, ఇదే ఆఖరు. బేబి వాడి మోచెయ్యి పట్టుకుంది.

"పాండూ, మీయమ్మ పొద్దున సెప్పిన మాట ఇక్కడే ఒగ్గీసి ఎల్లు. ఎవుడు డబ్బా ఎత్తినా ఆపకు. సచ్చిపోతన్నామని దండాలెట్టినా ఆపకు. దాటిపో."

పాండు బ్యాగు జిప్పు పడిందో లేదో తడుముకుంటూ నవ్వాడు. "నానాపుతానేటి ఒదినా, అన్నలాగ ఎర్రోడినా. అమ్మకేదో ఊఁ అన్నాను గానీ, దాటిపోవాలని నానెప్పుడో అనుకున్నాను."

అంతే. ఎదురు చెప్పలేదు, ఒక్క క్షణం ఆలోచించలేదు. గంట నుంచి, కాదు, రోజుల నుంచి ఆమె గొంతులో అడ్డం పడిన మాటని వాడు వక్కపలుకు నమిలినట్టు నమిలేశాడు. కావలసింది దొరికింది, ప్రాణం కుదుటపడాలి. పడలేదు. చెంప మీద కొట్టినట్టయింది. ఎర్రోడని ఆమె అనుకోవచ్చు, పెళ్ళాం, ఆమెకి హక్కుంది. వీడంటాడా, భుజాల మీద ఎక్కించుకుని ఈత నేర్పినవాణ్ణి పట్టుకుని. అన్నని అలాగనకు అనబోయింది, ఏ మొహం పెట్టుకుని అంటుంది, దాటిపొమ్మన్నది తనే కదా. బండి వచ్చి ఆగింది, పాండు వంగి ఆమె కాళ్ళకి దండం పెట్టి జనంలోకి దూరాడు, తలుపు దగ్గర ఒకసారి కనిపించి చెయ్యి ఊపాడు, పళ్ళు కనిపించేలా నవ్వాడు, బండి కదిలింది.

పట్టాలు ఖాళీ అయ్యాక ఫోను మోగింది, కన్నమ్మ. ఎక్కేడా అని అడిగింది, ఎక్కేడత్తా అంది బేబి. నా మాట మరొక్కసారి గుర్తు సెయ్యాల్సింది అంది ముసలిది. "సేసేనత్తా, ఊఁ అన్నాడు" అని చెప్పి పెట్టేసింది. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

స్టేషన్ మెట్లు దిగుతుంటే ఎర్ర టోపీవాడు గుర్తొచ్చాడు. ఇన్నాళ్ళూ వాడొక రాక్షసుడనుకుంది. కాకపోవచ్చు. వాడు కూడా ముసలివాళ్ళ సంచులు మోసేవాడే అయి ఉంటాడు. వాడింట్లో కూడా వాడి రాక కోసం కాచుకునే ఆడది ఒకతె ఉండి ఉంటుంది, రేవుదాకా వచ్చి, గొంతు పెగలక పెగలక ఆఖరి నిమిషంలో ఈ మాటే చెప్పి పంపి ఉంటుంది. వాడు ఆమె మాట విన్నాడు, క్షేమంగా ఇంటికి చేరాడు, ఆమె వాడికి అన్నం పెట్టింది. ఇన్నాళ్ళూ తను తిట్టింది ఆమెనే. తిట్లు తగిలాయో లేదో బేబికి తెలియదు, తగలకూడదని ఇప్పుడు అనుకుంటే ఏం లాభం. అక్కుపల్లి ఆటోలో మూలకి ఒదిగి కూర్చుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గంగమ్మకి మొక్కుకుంది. ఎవరి మొగుడు ఏ నీళ్ళ మీద డబ్బా ఎత్తుకుని నిలబడనీ తల్లీ, మా పాండు మాత్రం ఆగకుండా ఇంటికి రావాలి.